తల్లి పోసిందనుకున్నారు... జబ్బు గొంతులో ఉంది!

ఖమ్మం జిల్లాలో మధిర వైపు ఒక ఊరు. 2024 ఫిబ్రవరి. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. తెల్లవారుజామునే వీధుల్లో ట్రాలీ ఆటోల చప్పుడు మొదలవుతుంది. అన్నం క్యారియర్లు పట్టుకొని ఆడవాళ్ళు ఆటో ఎక్కితే మళ్ళీ పొద్దుగూకేదాకా ఇళ్ళల్లో ముసలివాళ్ళూ చిన్నపిల్లలే మిగులుతారు.

అలాంటి ఒక ఇంట్లో రెండో తరగతి చదివే ఆరేళ్ళ పాపకు సోమవారం రాత్రి ఉన్నట్టుండి ఒళ్ళు కాలిపోయింది. రెండుసార్లు వాంతి చేసుకుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే కడుపు చూపించింది. గొంతు మాట ఎత్తలేదు. తెల్లవారి అన్నం ముద్ద నోట్లో పెడితే మింగలేక ఉమ్మేసింది. అరుచి అనుకున్నారు. ఊళ్ళో ఆర్.ఎం.పి. వచ్చి జ్వరానికి సూది వేసి వెళ్ళాడు. మంగళవారం సాయంత్రానికి మెడ మీద, చంకల్లో, ఛాతీ మీద సన్నటి పొక్కు లేచింది. బుగ్గలు ఎర్రబారాయి. మూతి చుట్టూ మాత్రం తెల్లగా పాలిపోయి ఉంది.

నాయనమ్మ పిల్ల చొక్కా ఎత్తి చూసింది. చేతులు జోడించింది. "ముత్యాలమ్మ తల్లి వచ్చింది. ఇక మందులూ మాకులూ వద్దు" అంది.

అంతే. గడపకు వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు ఆపేశారు. పక్కింటివాళ్ళను గుమ్మంలోకి రానివ్వలేదు. పాపకు తలస్నానం లేదు, దువ్వెన లేదు. పలుచటి జావ, మజ్జిగ, సగ్గుబియ్యం గంజి మాత్రమే. వేపాకు పరిచిన చాప మీద పడుకోబెట్టారు. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది, పొక్కు మాడింది. ఏడో రోజు ఆదివారం వేపాకు వేసి కాచిన నీళ్ళు పోశారు. ముత్యాలమ్మ గుడి దగ్గర పొంగలి పెట్టారు. తల్లి దిగిపోయిందని అందరూ తేలికపడ్డారు. వారం రోజుల కూలి పోగొట్టుకున్న కన్నతల్లి మర్నాడు కోతకు వెళ్ళడానికి సంచి సర్దుకుంది.

కానీ వెళ్ళలేదు. పాపకు నీళ్ళు పోయడానికి ముందురోజే తమ్ముడికి జ్వరం వచ్చింది. వాడికి నాలుగేళ్ళు. సోమవారం నాటికి వాడి ఒంటి మీదా అదే పొక్కు.

టీకా కార్డు చెప్పిన సంగతి

పిల్లవాడు అంగన్‌వాడీకి రాలేదని టీచరు చెబితే ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళింది. గడపకు కట్టిన మండలు చూసి ఇది తట్టేమోనని మొదట అనుమానపడింది. జ్వరంతో పాటు ఒంటి మీద దద్దురు కనిపిస్తే పై అధికారులకు తెలియజేయాలని ఆశాలకు ఆదేశాలు ఉన్నాయి. టీకాల కార్డు తెమ్మంది. ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసి చూపించారు. ఇద్దరు పిల్లలకూ తట్టు టీకా రెండు మోతాదులూ పడ్డాయి. ఒకటి తొమ్మిది నెలలు నిండాక, రెండోది ఏడాదిన్నర వయసులో. రెండు మోతాదులూ పడ్డ పిల్లలు ఇద్దరికీ ఒకరి తరువాత ఒకరికి తట్టు రావడం అరుదు.

ఇంకో సంగతి కూడా ఆమెకు తట్టింది. తట్టు వచ్చిన పిల్లలకు కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారతాయి. ముక్కు కారుతుంది. దగ్గు విడవదు. ఈ పిల్లవాడికి దగ్గు లేదు, పడిశం లేదు. నోరు తెరవమంటే ఏడుస్తున్నాడు. మెడ కింద దవడ పక్కన గడ్డలు చేతికి తగులుతున్నాయి.

"పెద్దమ్మా, మండలు గడపకే ఉండనియ్యి. పిల్లగాణ్ణి మాత్రం డాక్టరుకు చూపిద్దాం" అని నాయనమ్మతో అంది. తల్లికి కోపం వస్తుందేమోనని ముసలామె జంకింది. డాక్టరుకు చూపించినంత మాత్రాన తల్లికి కోపం ఎందుకు వస్తుందని ఆశా ఎదురడిగింది. ఈ వాదన చాలాసేపు నడిచింది. చివరకు పిల్లల తండ్రి, ట్రాక్టరు డ్రైవరు, పని నుంచి వచ్చి బండి తీశాడు. పాపను ఒంటరిగా వదలడం ఇష్టంలేక ఆమెనూ ఎక్కించుకున్నారు. ఆ నిర్ణయం ఎంత మేలు చేసిందో అప్పటికి ఎవరికీ తెలియదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పిల్లవాడి నాలుక మీద చెంచా కాడ ఆనించి టార్చి వేసి చూశారు. గొంతు రక్తంలా ఎర్రగా ఉంది. కొండనాలుక పక్కల గడ్డలు వాచి వాటి మీద తెల్లటి చీము మచ్చలు కనిపించాయి. నాలుక మీద తెల్లటి పూత, ఆ పూతలోంచి ఎర్రటి బుడిపెలు. ఆ తరువాత ఆయన కళ్ళు మూసుకొని పిల్లవాడి పొట్ట మీద అరచెయ్యి వేసి నిమిరారు. తల్లిని కూడా అలాగే నిమరమన్నారు. వడ్రంగులు చెక్క నునుపు చేసే గరుకు కాగితంలా తగిలింది.

స్కార్లెట్ జ్వరం అని చీటీ మీద రాశారు.

పేరు లేని జబ్బు

ఆటలమ్మకు పేరుంది. తట్టుకు పేరుంది. గవదబిళ్ళలకు, కోరింత దగ్గుకు పేర్లున్నాయి. ఈ జబ్బుకు మాత్రం మన పల్లెల్లో నలుగురి నోట నలిగే పేరు వినిపించదు. పేరు లేకపోవడం వల్లనే తట్టు ఖాతాలోనో, అమ్మవారి ఖాతాలోనో, వేడి చేసిందనో, మందు పడలేదనో జమ అయిపోతుంది. స్కార్లెట్ అంటే ఇంగ్లీషులో ముదురు ఎరుపు. తెల్లతోలు వాళ్ళకు ఒళ్ళంతా ఎర్రగా కనిపిస్తుంది గనుక వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. మన చామనచాయ పిల్లలకు, నల్లటి పిల్లలకు ఆ ఎరుపు అంతగా బయటపడదు. అందుకే ఈ జబ్బును కంటితో కంటే చేత్తో పట్టుకోవడం తేలిక. చలికి రోమాలు నిక్కబొడుచుకున్న చర్మంలా ఒళ్ళు గరుకుగా తగులుతుంది. మోచేతి మడతల్లో, చంకల్లో, గజ్జల్లో మాత్రం ఎర్రటి గీతలు గీసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

దీనికి మూలం స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి. గొలుసులో పూసల్లా వరసగా ఉంటుంది. మామూలుగా పిల్లలకు చీము గొంతునొప్పి తెచ్చేది ఇదే. ఈ జాతిలో కొన్ని గొంతులో కూర్చొని ఒక విషాన్ని విడుస్తాయి. ఆ విషం రక్తంలో కలిసి ఒంటి మీద పొక్కుగా బయటపడుతుంది. అంటే పైన కనిపించే పొక్కు జబ్బు కాదు, జబ్బు గొంతులో ఉంది. పొక్కు మాడిపోయినంత మాత్రాన గొంతులోని పురుగు పోయినట్టు కాదు. ఆ ఇంట్లో జరిగిన పొరపాటంతా ఇక్కడే ఉంది.

ఐదు నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఇది ఎక్కువ. మూడేళ్ళ లోపు వారికి తక్కువ. చలికాలం చివర, ఎండలు ముదిరే ముందు ఎక్కువగా కనిపిస్తుంది. దగ్గినా తుమ్మినా పడే తుంపర్ల వల్ల, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగడం వల్ల, ఒకే తువ్వాలు వాడడం వల్ల ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటుంది. అంటిన రెండు నుంచి ఐదు రోజుల్లో జ్వరం వస్తుంది. అక్క పడుకున్న చాప మీదే తమ్ముడు ఆడుకున్నాడు. ఆమె వదిలేసిన మజ్జిగ వాడు తాగాడు. సోమవారం ఆమెకు, శనివారం వాడికి. లెక్క సరిగ్గా సరిపోయింది.

2024 ఫిబ్రవరిలోనే హైదరాబాదులోని పిల్లల ఆసుపత్రులకు స్కార్లెట్ జ్వరం కేసులు ఎక్కువగా వస్తున్నాయని పత్రికలు రాశాయి. 2022 చివర యూరప్‌లో కూడా పదేళ్ళ లోపు పిల్లల్లో ఇది పెరిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నూట యాభై ఏళ్ళ కిందట అయితే ఈ పేరు వింటే ఇంగ్లండులోనూ అమెరికాలోనూ తల్లులు వణికిపోయేవారు. బడిపుస్తకాల్లో జీవపరిణామం పాఠంలో కనిపించే డార్విన్ గారి చిన్న కొడుకు, ఏడాదిన్నర పిల్లవాడు, 1858 జూన్ 28న ఈ జ్వరంతోనే పోయాడు. మూడు రోజులకు, జూలై 1న, లండనులో ఆయన సిద్ధాంతాన్ని పండితుల సభలో చదివారు. ఆ సభకు ఆయన వెళ్ళలేదు. అమెరికాలో అయితే జబ్బు వచ్చిన ఇంటి తలుపుకు అధికారులు కాగితం అంటించి రాకపోకలు ఆపేవారు. పిల్లల బొమ్మలు, పరుపులు తగలబెట్టేవారు. అక్కడ కాగితం, ఇక్కడ వేపమండ! 1928లో ఫ్లెమింగ్ కనిపెట్టిన పెన్సిలిన్ 1940 ప్రాంతంలో మందుగా అందుబాటులోకి వచ్చాక ఆ భయం చాలావరకు తీరింది.

విచిత్రం ఏమిటంటే అన్నేళ్ళ కిందటి ఆ పెన్సిలిన్‌కు ఈ సూక్ష్మజీవి ఇప్పటికీ లొంగుతుంది. ఇతర జబ్బుల్లో మందులు పనిచేయడం మానేస్తున్నా, దీని మీద మాత్రం పాత మందే పనిచేస్తుంది. టీకా మాత్రం లేదు. తట్టు టీకా దీన్ని ఆపదు.

ఒక సీసాతో కోర్సు కాదు

పిల్లవాడికి పెన్సిలిన్ జాతికే చెందిన అమోక్సిసిలిన్ సిరప్ రాశారు. పది రోజులు వాడాలన్నారు. పెన్సిలిన్ పడని పిల్లలకు వేరే మందులు ఉంటాయి గనుక అంతకు ముందు ఏ మందుకైనా దద్దురు గాని ఆయాసం గాని వచ్చిందా అని అడిగి తెలుసుకున్నారు. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఇవ్వరాదని గట్టిగా చెప్పారు.

ఈ సిరప్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చాలా ఇళ్ళల్లో తప్పు జరిగేది ఇక్కడే. సీసాలో పొడి ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళు సీసా మీది గీత వరకు పోసి బాగా గిలకొట్టాలి. నురుగు దిగాక నీళ్ళు గీత కంటే తగ్గితే మళ్ళీ గీత దాకా పోయాలి. ప్రతిసారీ వేసేముందు కదపాలి, లేకపోతే మందు అడుగున ఉండిపోయి పిల్లవాడికి తియ్యటి నీళ్ళు మాత్రమే పడతాయి. ఇంట్లో చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో కొలత కాబట్టి సీసాతో వచ్చిన మూతతోనే కొలవాలి. కలిపిన మందు ఎన్ని రోజులు నిలవ ఉంటుందో సీసా మీద రాసి ఉంటుంది. అది దాటితే పారబొయ్యాలి. చిన్న సీసా మూడు నాలుగు రోజులు కూడా రాదు. సీసా అయిపోయింది, కోర్సు అయిపోయింది అనుకుంటారు. పది రోజులకు ఎన్ని సీసాలు కావాలో ముందే అడిగి తెచ్చుకుంటే ఈ చిక్కు ఉండదు.

ఆ ఇంట్లోనూ ఈ చిక్కు వచ్చింది. రెండు రోజుల్లో జ్వరం దిగింది. మూడో రోజుకు పిల్లవాడు వీధిలో టైరు దొర్లిస్తున్నాడు. మిగిలిన సీసాలు దాచితే మళ్ళీ ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు పనికొస్తాయి కదా అని తండ్రి అన్నాడు. ఆయన మాటలో పిసినారితనం లేదు. ఒక వస్తువు చెడకుండా దాచుకోవడం పల్లెటూరి ఇళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. విత్తనాలు దాస్తారు, పచ్చళ్ళు దాస్తారు, మందులూ దాస్తారు. కానీ మధ్యలో ఆపితే గొంతులో చావగా మిగిలిన సూక్ష్మజీవులు మళ్ళీ పుంజుకుంటాయి. ఆశా కార్యకర్త రోజూ సాయంత్రం వచ్చి గోడ మీది క్యాలెండర్లో ఒక్కో తేదీకి సున్నా చుట్టించింది. పది సున్నాలు పూర్తయ్యేదాకా వదల్లేదు.

మందు మొదలుపెట్టిన 24 గంటలకు, జ్వరం కూడా లేకపోతే, పిల్లలు ఇతరులకు అంటించరు. బడికి పంపవచ్చు. మందు వేయకపోతే మాత్రం వారాల తరబడి అంటుతూనే ఉంటుంది. జ్వరం లేదు కదా అని మందు లేకుండా బడికి పంపితే తరగతి మొత్తానికి పంచినట్టే. మధ్యాహ్న భోజనం దగ్గర ఒకే గ్లాసు ముంచి తాగే బడుల్లో మరీను.

నాయనమ్మ చేసినవన్నీ తప్పులని ఎవరూ అనలేరు. పరాయి పిల్లలను గుమ్మం తొక్కనివ్వకపోవడం సరైన పని. జావ, మజ్జిగ సరైన తిండి. మింగలేని గొంతుకు కారం, తాలింపు పడవు గదా. ఆమె పద్ధతిలో ఒక్క మందు మాత్రమే తక్కువ. ఆర్.ఎం.పి. వేసిన సూది ఆ లోటు తీర్చలేదు. జ్వరం దిగడానికి వేసే సూది వేరు, గొంతులో పురుగును చంపే మందు వేరు. నోరు తెరిపించి చూడకుండా, సూదిలో ఏముందో చెప్పకుండా వెళ్ళేవారిని ఆపి అడగడం మన ఊళ్ళల్లో అలవాటు లేదు. అడిగితే కోపం వస్తుందేమోనని భయం.

వేళ్ళ చివర ఊడిన పొర

ఆరోగ్య కేంద్రంలో పిల్లవాణ్ణి చూడడం పూర్తయ్యాక డాక్టరు పక్కన నిలబడ్డ అక్కను దగ్గరకు పిలిచారు. చేతులు చూపించమన్నారు. వేళ్ళ కొసల్లో గోళ్ళ కింద నుంచి చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. తల్లి అది మిరపకాయల మంట వల్ల అనుకుంది. తన చీర కొంగుకు, చేతులకు ఎప్పుడూ కారం ఘాటు ఉంటుంది, అదే పిల్లకు తగిలిందనుకుంది. మిరప వల్ల కాదు. స్కార్లెట్ జ్వరం వచ్చి వెళ్ళిన వారానికి వేళ్ళ చివర్లు, అరికాళ్ళు, గజ్జలు ఇలా పొలుసులు ఊడతాయి. కొన్ని వారాలు కూడా ఊడవచ్చు. దానంతట అది తగ్గిపోతుంది, కొబ్బరినూనె రాస్తే చాలు. అయితే ఆ పొర జరిగిపోయిన జబ్బుకు సాక్ష్యం.

జ్వరం వచ్చి ఎన్ని రోజులైందని డాక్టరు అడిగారు. ఆ రోజుకు ఎనిమిదో రోజు. ఆయన వెంటనే పాపకు కూడా పది రోజుల మందు రాశారు. జ్వరం లేని పిల్లకు మందెందుకని తండ్రికి అర్థం కాలేదు.

కారణం ఇది. గొంతులోని ఈ సూక్ష్మజీవి మీద ఒళ్ళు యుద్ధం చేస్తుంది. కొందరు పిల్లల్లో ఆ యుద్ధం గురి తప్పి సొంత ఒంటి మీదికే మళ్ళుతుంది. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు మోకాళ్ళు, చీలమండలు వాచి నొప్పులు మొదలవుతాయి. ఈ రోజు ఒక కీలు, రేపు ఇంకో కీలు. అదే కీళ్ళజ్వరం. కీళ్ళ నొప్పులు పోతాయి, కానీ గుండె కవాటాలకు పడ్డ దెబ్బ ఉండిపోతుంది. కీళ్ళను నాకి పోతుంది, గుండెను కరిచి పోతుంది అని డాక్టర్లలో ఒక పాత మాట ఉంది. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపల పెన్సిలిన్ మొదలుపెట్టినా కీళ్ళజ్వరం రాకుండా ఆపవచ్చు. పాప ఎనిమిదో రోజు వచ్చింది. తమ్ముడి జ్వరమే లేకపోతే ఆమె ఆ గడువు దాటిపోయేది.

ఆ గడువు దాటినవాళ్ళు జిల్లాలో ఏ మూలకు వెళ్ళినా కనిపిస్తారు. ఆ ఊరికి పక్కనే ఉన్న గ్రామంలో ముప్ఫై ఏళ్ళు దాటిన ఒక ఇల్లాలు ఉంది. ఐదో తరగతిలో ఉండగా నెల రోజులు మోకాళ్ళు వాచి బడికి వెళ్ళలేకపోయింది. వాతం అని ఆకుపసర్లు కట్టారు. తగ్గింది. పెళ్ళయ్యాక కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం ముంచుకొచ్చింది. ఖమ్మంలో చూపిస్తే గుండెలో కవాటం బిగుసుకుపోయిందని తేలింది. హైదరాబాదులో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేశారు. 2007లో ఆ పథకం రాకముందు అయితే ఇలాంటి ఆపరేషన్‌కు రెండెకరాలు అమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. ఇప్పుడు ఆమె 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటుంది. ఏళ్ళ తరబడి వేయించుకోవాలి. ఆ సూది బాగా నొప్పి. సూది వేయించుకున్న రోజు ఆమె కోతకు వెళ్ళలేదు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చిందా అని అడిగితే ఆమెకు గుర్తు లేదు. గొంతునొప్పిని ఎవరు మాత్రం గుర్తు పెట్టుకుంటారు!

గొంతునొప్పి వచ్చిన ప్రతి పిల్లకూ ఇలా అవుతుందని భయపడనక్కరలేదు. చాలామందికి ఏమీ కాదు. పైగా పిల్లల గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం మామూలు పడిశం తెచ్చేవే. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు కాస్త మండితే అది సాధారణంగా ఈ జబ్బు కాదు, దానికి ఈ మందు పనిచేయదు. అలాంటి పిల్లలకు మెడికల్ షాపులో అడిగి ఈ మందు కొని పొయ్యడం ఇంకో తప్పు. దగ్గూ పడిశం లేకుండా ఒక్కసారిగా జ్వరం, మింగలేనంత నొప్పి, మెడ గడ్డలు, చేతికి గరుకుగా తగిలే ఒళ్ళు, ఇవి కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. వానాకాలం, ఆ తరువాతి నెలల్లో డెంగీకి కూడా ఒళ్ళు ఎర్రబడుతుంది గనుక రక్తపరీక్ష అవసరమా అన్నది డాక్టరుకే వదిలెయ్యాలి. ఐదు రోజులు దాటినా జ్వరం దిగకుండా కళ్ళు, పెదవులు, నాలుక ఎర్రబడితే అది వేరే జబ్బు కావచ్చు. దానికీ గుండెతో సంబంధం ఉంది. పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాల్సిందే. సొంగ కూడా మింగలేక కారుస్తున్నా, ఊపిరి ఆడకపోయినా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోను చెయ్యాలి.

డాక్టరు పాప తల్లికి ఇంకో మాట చెప్పి పంపారు. నాలుగు వారాలు పిల్ల మూత్రం రంగు చూస్తూ ఉండమన్నారు. పొద్దున్నే మొహం ఉబ్బిందేమో చూడమన్నారు. కీళ్ళజ్వరాన్ని మందు ఆపగలదు గాని, మూత్రపిండాల వాపును కచ్చితంగా ఆపలేదని చెప్పారు. ఒంటి మీద గజ్జి పుండ్లు చీము పట్టినా ఇదే వాపు రావచ్చు. ఆమె సరేనంది. ఇంటికి వెళ్ళేదారిలో ఆ మాట సగం మరిచిపోయానని తరువాత తనే చెప్పింది.

ఆరు రోజులు గడిచాయి. ఆదివారం పొద్దున పాప నిద్ర లేచేసరికి కళ్ళు ఉబ్బి సన్నగా అయిపోయాయి. ఎక్కువసేపు పడుకుందిలే అని నాయనమ్మ అంది. తల్లికి డాక్టరు చెప్పిన మాట గుర్తుకొచ్చింది. పాపను దొడ్లోకి తీసుకెళ్ళి తెల్ల గిన్నె పెట్టింది. మూత్రం కొంచెమే వచ్చింది. టీ డికాషన్ రంగులో ఉంది.

ఆమె ఎవరినీ అడగలేదు. తాలింపు వేస్తున్న పొయ్యి ఆర్పేసి, చీర మార్చుకొని, పిల్లను భుజాన వేసుకొని రోడ్డు మీదికి వచ్చింది. ఆదివారం ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండరని ఖమ్మం పెద్దాసుపత్రికే వెళ్ళింది. రక్తపోటు చూశారు. ఆరేళ్ళ పిల్లకు ఉండాల్సిన దాని కంటే బాగా ఎక్కువగా ఉంది. ఆలస్యమైతే మూర్ఛ వచ్చేదని, గుండె మీద భారం పడేదని చెప్పి చేర్చుకున్నారు. ఉప్పు ఆపేశారు. నీళ్ళు కొలిచి ఇచ్చారు. మూత్రం ఎక్కువగా పోయే మందు, రక్తపోటు మందు ఇచ్చారు. తల్లి మంచం పక్కన కూర్చొని ఎంత నీళ్ళు లోపలికి వెళ్ళాయో, ఎంత మూత్రం బయటికి వచ్చిందో నర్సు ఇచ్చిన కాగితం మీద రాసింది. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. అంకెలు తప్పు పోలేదు.

నాలుగో రోజుకు వాపు దిగడం మొదలైంది. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. పిల్లల్లో ఈ వాపు చాలావరకు పూర్తిగా తగ్గిపోతుంది, అయితే కొన్ని నెలల పాటు మూత్రం, రక్తపోటు పరీక్ష చేయిస్తూ ఉండాలని చెప్పారు. ఆ కుటుంబం నెలకోసారి తీసుకువెళ్ళింది. ఆ ఏడు మిరప కోతల్లో ఆమెకు దాదాపు నెల కూలి పోయింది. మార్చి ఆఖరుకు కోతలే అయిపోయాయి.

పాప మళ్ళీ బడికి వెళ్ళింది. గుండె పరీక్షలో ఏ లోపమూ కనిపించలేదు.

గడపకు కట్టిన వేపమండలు ఎండిపోయినా నాయనమ్మ చాలా రోజులు తీయలేదు. ముత్యాలమ్మే ఆ పూట డాక్టరు దగ్గరికి నడిపించిందని ఆమె నమ్మకం. ఆ మాటతో ఇంట్లో ఎవరూ వాదించలేదు. తరువాత వీధిలో ఏ పిల్లకు జ్వరం వచ్చినా ఆమెను పిలుస్తున్నారు. ఆమె వెళ్ళి ముందు నోరు తెరవమంటుంది. చొక్కా ఎత్తి, పొట్ట మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని నిమిరి చూస్తుంది.